మేనరికమా అని అడిగే ముందు

హైదరాబాద్ యాప్రాల్‌లో పిల్లల క్లినిక్ నడుపుతున్న నేను కీళ్లనొప్పులతో వచ్చిన ప్రతి బిడ్డకూ కేస్ షీటు మీద వంశవృక్షం గీస్తాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. ఇక్కడ మిలిటరీలో చేసి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ముత్తాత సంగతులు కావాలంటే ఊరికి ఫోన్ చేయాల్సిందే. చేయిస్తాను.

పదహారేళ్లలోపు బిడ్డకు కీలు వాచి ఆరు వారాలు దాటినా తగ్గక, వేరే కారణమేదీ దొరకకపోతే బాల్య కీళ్లవాతం అంటాం. "మా ఇళ్లల్లో ఎవరికీ లేదండీ, వీడికెలా వచ్చింది?" అంటుంది తల్లి. ఇందులో ఎన్నో జన్యువులు తలా కాస్త మొగ్గు చూపుతాయి, అంతే. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి చాలాసార్లు రాదు. కాస్త పెద్ద మగపిల్లల్లో మడమ దగ్గర మొదలయ్యే రకానికి హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యు రకంతో గట్టి సంబంధం ఉంది. అది ఉన్న పిల్లాడి తుంటినీ నడుమునూ జాగ్రత్తగా కనిపెట్టుకోవాలి. అలాగని ఏ నొప్పీ లేని చెల్లెలికి కూడా ఆ పరీక్ష రాయమంటే రాయను. అది ఉండి కూడా ఏ జబ్బూ రానివాళ్లే ఎక్కువ.

నన్ను భయపెట్టేది ఇంకొకటి. వేళ్ల కణుపులు లావెక్కుతాయి, నడక మారుతుంది, వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ మాత్రం మామూలుగానే ఉంటాయి. ఎక్స్‌రేలో వెన్నుపూసలు చదునుగా కనిపిస్తాయి. ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా అనే ఈ జబ్బులో పాడయ్యేది మృదులాస్థి. కీళ్లవాతమనుకుని స్టెరాయిడ్లూ మెథోట్రెక్సేటూ ఏళ్ల తరబడి మింగించినా ఫలితం ఉండదు, పైగా స్టెరాయిడ్లు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. కారణం ఒక్కటే జన్యువు, డబ్ల్యూఐఎస్‌పీ3. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే జబ్బు బయటపడుతుంది. మన దేశపు కుటుంబాల్లో ఈ జన్యు మార్పులను వివరించిన 2012 నాటి అధ్యయనంలో హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రజ్ఞులున్నారు.

రక్తసంబంధంలో పెళ్లయితే ఇద్దరిలోనూ అదే చెడిన ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లు మనకు కొత్త కాదు గనక మేనరికమా అని అడగక తప్పదు. కానీ అత్తగారి ఎదుట అడగను. బిడ్డకేమైనా అయితే కోడలివైపే వేలు చూపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, చెరో చెడిన ప్రతి ఇచ్చారని కాగితం మీద గీసి చూపిస్తాను. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని చెబుతాను. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఈ బిడ్డ జన్యు పరీక్ష ముందే చేయించమంటాను. మార్పు ఏదో తెలిసి ఉంటేనే కడుపులో ఉన్నప్పుడు వెతకడం సాధ్యం.