పూచీపడువారెవరు? - ‘మైండ్స్ ఇంప్రిజన్డ్’ గ్రంథ విమర్శ

బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు 2011లో ‘మైండ్స్ ఇంప్రిజన్డ్’ అను ఆంగ్ల గ్రంథమును ప్రకటించిరి. పరప్పన అగ్రహారమునందలి కేంద్ర కారాగారములో 5024 మంది బందీలను పరీక్షించి వ్రాసినది యిది. మత్తుపదార్థముల వ్యసనమును గూడ లెక్కించినచో నూటికి 79.6 మందికి ఏదో యొక మానసిక రుగ్మత కలదు. దానిని విడిచినచో 27.6 మందికి. మొదటి సంఖ్యను చూచి బెదరినవారు రెండవదానిని మఱువరాదు.

వైద్యులు రోగమును లెక్కించిరి. తెలుగు చెప్పుకొని బ్రతుకు నా దృష్టి ‘పూచీ’ యను మాటమీద నిలిచినది.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, 369వ సెక్షను చూడుడు. విచారణకు నిలువలేని రోగికి ఆసుపత్రిలో నుండవలసిన యవసరము లేనియెడల, బంధువో మిత్రుడో చికిత్స చేయింతునని, హాని జరుగనీయనని పూచీపడినచో జామీనుపై విడువవలెను. పాత స్మృతిలోని 330వ సెక్షనును ఇట్లే చెప్పెను. కాని యిట్టి రోగి గాయపఱచినది తఱచుగా తన యింటివారినే! ఆ గాయపడినవారే వచ్చి చేవ్రాలు చేయవలెనా? అనంతపురము నుండి తాపీపనికి ఈ నగరమునకు వచ్చి, కన్నడము రాక, ఇంటికి జాబైనను వ్రాయలేని వానికి పూచీపడువారెవరు? వాని జబ్బు ఎప్పుడు మొదలైనదో వైద్యునికి చెప్పవలసినవారును ఆ యింటివారే కదా! వారు లేనిచోట వైద్యునికి మిగులునది పోలీసు కాగితమే.

అస్సాములో మచంగ్ లలుంగ్ 1951లో పట్టుబడెను. 1967లోనే వైద్యులు అతనికి స్వస్థత చేకూరినదనిరి. విడుదలయైనది 2005లో, ఒక్క రూపాయి పూచీపై. ముప్పదియెనిమిదేండ్లు అతనిని నిలిపినది రోగము కాదు.

2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, 19వ సెక్షనులో, కుటుంబము లేదన్న కారణమున మాత్రమే ఎవరిని ఆసుపత్రిలో నుంచరాదనుచున్నది. అట్టివారికి వసతిగృహముల నేర్పఱచు భారమును ప్రభుత్వముపై నుంచినది. ఒక చట్టము బంధువును తెమ్మనును, వేఱొకటి బంధువు లేకున్నను విడువుమనును. ఈ రెంటి నడుమ చిక్కినవాని యారోగ్యము మందులతో మాత్రమే కుదురునా? కావున కారాగారములో ఇకముందు జరుగు గణనలయందు రోగనామము ప్రక్కనే రోగి మాతృభాషయు, కడపటిసారి చూడవచ్చిన బంధువెవరో, ఏనాడు వచ్చెనో కూడ వ్రాయబడవలెను.