ప్రతిజ్ఞలో 'నేను', ప్రవేశికలో 'మేము': పౌరనీతి బోధనపై ఒక పరిశీలన

పౌరశాస్త్రం బోధించడానికి మన బడుల్లో కొన్ని కార్యక్రమాలు స్థిరపడిపోయాయి. నమూనా శాసనసభ, వ్యాసరచన పోటీ, పటంలో రాష్ట్రాలు గుర్తించడం, ప్రతి ఉదయం ప్రార్థన సమావేశంలో ప్రతిజ్ఞ. మొదటి మూడింటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సభాపతి ఎవరో, ప్రతిపక్షం ఎవరో ఉపాధ్యాయుడే నిర్ణయించి, మాటలు కూడా తానే రాసి ఇచ్చే శాసనసభలో విద్యార్థి నేర్చుకునేది వల్లెవేయడమే. ప్రతిజ్ఞ సంగతి వేరు. అది ఒక రచన. దానికి ఒక రచయిత ఉన్నాడు, ఒక సందర్భం ఉంది, ఒక మూలభాష ఉంది. ఆ మూలభాష తెలుగు. బళ్ళారిలో కన్నడంలోనూ, హోసూరులో తమిళంలోనూ, షోలాపూరులో మరాఠీలోనూ దానిని అప్పజెప్పే తెలుగు పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవారు కూడా 'మనవాడు రాశాడు' అన్న సంతోషం దగ్గరే ఆగిపోతున్నారు. ఈ రెండూ ఆ రచనకు న్యాయం చేయవని మా అభిప్రాయం.

ప్రతిజ్ఞ రచయిత పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన స్వగ్రామం. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్నప్పుడు దీనిని తెలుగులో రాశారు. అది చైనాతో యుద్ధం వచ్చిన సంవత్సరం. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1963లో విశాఖ బడుల్లో చదివించారు. 1964 అక్టోబరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగుళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దీనిని దేశమంతటా చదివించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది అమలులోకి వచ్చింది. తెలంగాణలో పుట్టినవాడు కోస్తాలో ఉద్యోగం చేస్తూ రాసినది కర్ణాటకలో జాతీయ ప్రతిజ్ఞ అయింది. అయినా చాలాకాలం పాఠ్యపుస్తకాలు దానిని రచయిత పేరు లేకుండానే అచ్చువేశాయి.

పేరు లేని రచనను విమర్శించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. పేరు తెలిశాక మాత్రం అడగవచ్చు: ఈ మాట ఇక్కడ ఎందుకు వేశాడు? ఇంకో మాట వేస్తే ఏమవుతుంది? అనువాదంలో ఏది నిలిచింది, ఏది మారింది? సాహిత్య విద్యార్థి వేసే ఈ ప్రశ్నలే పౌరశాస్త్ర విద్యార్థికీ పనికివస్తాయి.

మొదటి వాక్యమే చూద్దాం. తెలుగులో దేశాన్ని 'మాతృభూమి' అన్నారు. ఇంగ్లీషు, కన్నడ, తమిళ, మరాఠీ పాఠాల్లో తల్లి లేదు. దేశం, నాడు అన్న మాటలే ఉన్నాయి. రెండో వాక్యంలో తెలుగుమాట 'సహోదరులు'. ఒకే కడుపున పుట్టినవారని అర్థం. తల్లి అన్న తరువాత సహోదరులు అనడంలో ఒక వరుస ఉంది. మొదటి వాక్యమే రెండోదానికి కారణం. కన్నడం సహోదరులనే ఉంచుకుంది. తమిళం 'ఉడన్ పిఱందవర్గళ్' అంటుంది, అంటే తోడబుట్టినవారు. మొదటి వాక్యంలో తల్లి లేకపోయేసరికి ఈ రెండు భాషల్లోనూ తోబుట్టువులు మిగిలారు గాని కన్నతల్లి కనిపించదు. మరాఠీలో 'బాంధవ్' అన్నారు. ఆ మాటకు అన్నదమ్ములన్న ఛాయ లేకపోలేదు గాని, తెలుగు చెవికి అది బంధువులు అనే వినిపిస్తుంది.

ఈ తేడా చిన్నది కాదు. సహోదరత్వం పుట్టుకతో వచ్చేది. ఎవరూ కోరి తెచ్చుకోలేరు. బంధుత్వం కలుపుకునేది. పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలు చేసింది అదే. ఇరుగుపొరుగుతో వరసలు కలుపుకుని, వారి భాషలో అన్నా, మామా అని పిలిచి ఊరివాళ్ళయ్యారు. షోలాపూరు నేతగాళ్ళ ఇంటి పిల్లవాడికి మూలంలోని మాటకంటె మరాఠీ మాటే తన అనుభవానికి దగ్గరగా తోచవచ్చు. అలా తోచిందని చెప్పగలిగితే, వాడు ప్రతిజ్ఞను మొదటిసారి నిజంగా చదివినట్టు.

చివరి భాగంలో మార్పు ఇంకా పెద్దది. తెలుగులో దేశంపట్ల, ప్రజలపట్ల 'సేవానిరతి' కలిగి ఉంటానని ప్రతిన. మరాఠీలో ఆ స్థానంలో 'నిష్ఠ' ఉంది. సేవ చేతలతో తేలేది. నిష్ఠ మనసులో ఉండేది. సేవ చేశావా అని అడిగితే లెక్క చెప్పాలి. నిష్ఠ ఉందా అని అడిగితే ఉందంటే చాలు. లేదని అనుమానించేవాడికి కూడా ఆధారం అక్కరలేదు. ఇంటిభాష వేరుగా ఉన్నవారినే ఈ రెండో ప్రశ్న తరచు అడుగుతారు. ఇక తెలుగు పాఠ్యపుస్తకాల్లో జంతువులపట్ల దయను చెప్పే వాక్యం ఒకటి కనిపిస్తుంది. మరాఠీ పాఠంలో అది లేదు. ఆ వాక్యం ఎక్కడ చేరింది, ఎక్కడ జారిపోయింది అని పాత పుస్తకాలు తిరగేయించడం ఏ తేదీల పట్టికకంటెనైనా మంచి చరిత్ర పాఠం.

రచనలోని లోపాలనూ చెప్పాలి. మధ్యభాగంలో తల్లిదండ్రులు, గురువులు, పెద్దల పట్ల గౌరవం అంటూ ప్రతిజ్ఞ నీతిపాఠంలోకి జారుతుంది. చట్టం లేదు, ఓటు లేదు, హక్కు లేదు. గౌరవించమంటుంది గాని ప్రశ్నించమనదు. యుద్ధకాలపు రచనకు అది సహజమే కావచ్చు. కాని దానినే పౌరనీతి సర్వస్వంగా నేర్పితే తయారయ్యేది మంచి బాలుడు, పౌరుడు కాదు. అందుకే దానిని రాజ్యాంగ ప్రవేశికతో కలిపి చదివించాలని మా సూచన.

ప్రతిజ్ఞ 'నేను' అంటుంది. వందమంది ఒక్కగొంతుతో పలికినా అది ఒక్కొక్కరి మాటే. 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగ ప్రవేశిక బహువచనంలో మాట్లాడుతుంది. తెలుగు అనువాదంలో ఆ మాట 'మేము'. మన భాషలో మేము వేరు, మనం వేరు. మేము అంటే వినేవాడు బయట ఉంటాడు. మనం అంటే లోపలికి వస్తాడు. మరాఠీకీ ఈ తేడా ఉంది. అక్కడా వినేవారిని వదిలే 'ఆమ్హీ' అనే వేశారు. తమిళం మాత్రం వినేవారినీ కలుపుకునే 'నామ్' వేసింది. కన్నడానికి 'నావు' ఒక్కటే. రెండూ అందులోనే ఇమడాలి. మరి మనవాళ్ళు మేము అన్నప్పుడు బయట నిలబడి వింటున్నది ఎవరు? పాత ప్రభువులా? ప్రపంచమా? ఇంకా పుట్టని తరమా? జవాబు ఒకటే ఉండనక్కరలేదు. మేము తీసి మనం పెట్టి చదివించి, ఏది బాగుందో, ఎందుకో చెప్పమనాలి. 'మన రాష్ట్రం' అనేటప్పుడు బరంపురం పిల్లవాడి మనసులో ఏది ఉంటుందో, ఆ 'మన'లో పక్క బెంచీ ఒడియా పిల్లవాడు ఉన్నాడో లేడో అప్పుడు అడగవచ్చు.

యానాంలో ఈ పాఠానికి వేరే బలం ఉంది. ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1న వాస్తవంగా ముగిసినా, చట్టరీత్యా విలీనం జరిగింది 1962 ఆగస్టు 16న. అది ప్రతిజ్ఞ పుట్టిన సంవత్సరమే. ఫ్రెంచి జాతీయత ఉంచుకోదలచినవారు ఆరు నెలల్లో ఆ కోరిక తెలపవచ్చని ఒప్పందంలో ఉంది. అంటే మనలో చాలామందికి పుట్టుకతో వచ్చిన 'నా దేశం' అక్కడి పెద్దలకు ఆలోచించి తేల్చుకోవలసిన విషయమైంది. తాతయ్యను, నాయనమ్మను అడిగి ఇంట్లో ఏం అనుకున్నారో రాసుకురమ్మంటే పౌరసత్వం అన్న మాటకు నిర్వచనం బట్టీ పట్టే పని ఉండదు.

ఇవన్నీ తెలుగు గంటలో చేయవలసిన పనులా అని కొందరు అడుగుతారు. తెలుగు గంటే మిగలని బడుల్లో ఎక్కడ చేస్తారని ఇంకొందరు. రెండో ప్రశ్నే బరువైనది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించాలని 1956లో చేరిన 350-ఎ అధికరణం చెబుతుంది. పుస్తకాలు రావడం లేదని, ఉపాధ్యాయుని ఖాళీ నిండలేదని వినతిపత్రం రాయవలసి వచ్చినప్పుడు ఈ అంకె అవసరమవుతుంది. ప్రతిజ్ఞ నేర్పని సంగతి ఇదే. దేశానికి నేనేం చేస్తానో ప్రతిజ్ఞ చెప్పిస్తుంది. ప్రవేశిక, దాని వెంట వచ్చే అధికరణాలు మేము ఏం అడగవచ్చో చెబుతాయి.

పైడిమర్రివారి రచన గొప్పతనం అది తెలుగులో పుట్టడంలో లేదు. ఇన్ని భాషల్లోకి వెళ్ళి, ప్రతిచోటా ఒక్కొక్క మాట మార్చుకుని, ఇన్నేళ్ళుగా పిల్లల నోట నిలవడంలో ఉంది. ఆ మారిన మాటలను పక్కపక్కన పెట్టి చదవగలిగేది రెండు భాషల మధ్య పెరిగిన విద్యార్థి. ఒక్క భాషే తెలిసిన బడిలో ఈ పాఠం సాధ్యం కాదు.