సూచికలకు అందని సామాజిక శాస్త్రం

యూజీన్ గార్ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన సంస్థ 1960వ దశకంలో విజ్ఞాన శాస్త్రాలకు, 1970వ దశకంలో సామాజిక శాస్త్రాలకు ఉటంకింపుల సూచికలను వెలువరించింది. ఒక వ్యాసం తరువాతి కాలంలో ఏయే రచనలకు ఆధారమయిందో వెదకి పట్టుకోవడానికి పాఠకునికి అది గొప్ప ఉపకరణం. అయితే గ్రంథాలయంలో దారి చూపడానికి పుట్టిన ఆ సాధనమూ, 2004లో వచ్చిన స్కోపస్‌ అనే డేటాబేసూ క్రమంగా విశ్వవిద్యాలయాల యోగ్యతను తూచే తూనికరాళ్ళయ్యాయి. భారత ప్రభుత్వపు జాతీయ ర్యాంకింగు విధానం సైతం ప్రచురణల లెక్కకు వీటిపైనే ఆధారపడింది.

వీటిలో భారతదేశం బొత్తిగా లేదనడం సరికాదు. 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ', 'కంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ' వంటి పత్రికలు స్కోపస్‌లో చేరినవే. అవన్నీ ఆంగ్ల పత్రికలు కావడమే గమనార్హం. పైగా సామాజిక శాస్త్రజ్ఞుని పరిశ్రమ తరచుగా వ్యాసంలో ఇమడదు, గ్రంథమవుతుంది. హైదరాబాదు సమీపాన ఉన్న శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన 'ఇండియన్ విలేజ్' అటువంటిది. పుస్తకాల ఉటంకింపులకు 2011లో ప్రత్యేక సూచిక ఏర్పడినా, దశాబ్దాల వెనుకటి గ్రంథాలకు దానిలో చోటు దక్కలేదు.

దేశభాషల స్థితి మరీ విచిత్రం. సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలను గాలించి, తెలుగువారి తిండి, కట్టు, ఆటపాటలు, ఆచారాలను వెలికితీసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి తెలుగు గ్రంథం. తెలుగులో సామాజిక చరిత్ర రాయబూనినవారు దానిని తిరగేయక తప్పదు. ఆ ఋణం తెలుగు పత్రికల అధోజ్ఞాపికలలోనే నిలిచిపోతుంది. ఒకవేళ ఏ ఆంగ్ల వ్యాసమో పేర్కొన్నా మరొక చిక్కు: పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా ఎంచే పద్ధతిలో సురవరంవారు 'రెడ్డి'గా నమోదై, వేలాది రెడ్లలో ఒకరవుతారు!

దేశీయమైనదల్లా ఉత్తమమనడమూ పొరపాటే. రుసుము చెల్లిస్తే చాలు, దేనినైనా అచ్చువేసే పత్రికలు ఇక్కడా తక్కువ కాదు. మంచి పత్రికల ఎంపికకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో ప్రకటించిన 'కేర్' జాబితాలో భారతీయ భాషలకూ స్థానం ఉండేది; 2025లో సంఘం దానిని ఉపసంహరించుకుంది.

ఈ కొలత పరిశోధకుని విషయ నిర్ణయంలోనూ జోక్యం చేసుకుంటుంది. అనంతపురం కౌలురైతుల అప్పులపై తెలుగులో రాసిన వ్యాసాన్ని రైతు సంఘాలవారు చదువగలరు, జిల్లా అధికారి తన నివేదికలో వాడుకోగలడు. ర్యాంకింగు లెక్కలో దాని విలువ సున్న. ఆ సంగతినే విదేశీ పత్రికకు పంపదలచినప్పుడు, కౌలు అంటే ఏమిటో మొదటి పుటలలో వివరించి, అక్కడి చర్చలకు తగిన సిద్ధాంతపు చట్రంలో దానిని బిగించవలసి వస్తుంది. ఆ బిగింపులో ముందుగా జారిపోయేది రైతు మాట. 'శోధగంగ' భాండాగారంలో తెలుగు సిద్ధాంత వ్యాసాలు నేడు ఎవరికైనా చదువ దొరుకుతాయి. వాటి అధోజ్ఞాపికలు మాత్రం ర్యాంకింగు లెక్కలలోకి రావు.