లెక్కలో కింది అంకె

జూన్ వస్తే బడిబాట. ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటారు. నా సర్వీసులో నాకు బాగా నచ్చిన పని అదే. అయితే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు బడిలో న్యాయమైన వాటా దక్కిందో లేదో తేల్చాలంటే, ఆ పేర్ల సంఖ్యను దేనితో భాగిస్తున్నామో, ఆ కింది అంకెను కూడా చూడాలి.

మామూలుగా బడుల్లో ఒక వర్గం శాతాన్ని జనాభాలో దాని శాతంతో పోలుస్తారు. 2011 జనగణన ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6, ఎస్టీలు 8.6 శాతం. నమోదులోనూ అంతే ఉంటే చాలనుకుంటాం. కానీ పేద కుటుంబాల్లో పిల్లలు ఎక్కువ. మొత్తం జనంలో 9 శాతం ఉన్న వర్గం, బడి ఈడు పిల్లల్లో 11 శాతం ఉందనుకోండి. నమోదులో 9 శాతం కనబడగానే సంతోషిస్తాం. మిగతా వర్గాల పిల్లలంతా బడిలో ఉన్నా సరే, ఈ వర్గంలో దాదాపు ఐదుగురిలో ఒకరు బయటే ఉన్నట్టు! అందుకే పిల్లల్ని పిల్లలతోనే పోల్చాలి, అదీ ఆ ఈడు వాళ్లతోనే. ఆలస్యంగా చేరినవాళ్లనూ కలిపేస్తే స్థూల నమోదు నిష్పత్తి నూరు కూడా దాటొచ్చు, బయట ఉన్నవాళ్లను కప్పేస్తుంది. పైగా 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కింది అంకె అంచనాల మీదే నడిచింది.

2022-23 నుంచి, బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో ఒక్కో విద్యార్థి వివరాలు విడివిడిగా ఎక్కుతున్నాయి. మంచి మార్పే. బడిలో ఉన్న పిల్లల లెక్క దానితో గట్టిపడుతుంది. మరి ఒడిశాలోని బలంగీర్ నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబంలోని పిల్ల? పేరు అక్కడి బడిలో ఉండొచ్చు, అసలు ఎక్కడా లేకపోవచ్చు. మన ఊరి బడిలో గానీ, జనాభా లెక్కలో గానీ ఆ పిల్ల లేదు. పైన లేదు, కింద లేదు, నిష్పత్తి నిక్షేపంగా ఉంటుంది.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఈ లెక్కను బడి బయట ఉన్న పిల్లల వైపు నుంచి మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అంది. ఆ పనికే ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. నా దృష్టిలో న్యాయానికి ఇంతకన్నా నిజాయితీ గల కొలత లేదు.

తండాలకు, బట్టీలకు వెళ్లే ఉపాధ్యాయ మిత్రులారా, ముందు కనబడిన పిల్లలందరినీ రాయండి. రిజిస్టర్‌తో ఆ తర్వాత సరిచూడండి. ఏ బడిలోనూ లేనివాళ్లు ఎందరో గ్రామసభలో చెప్పండి.