మూడు పేజీల పనితనం

1975 మే 10 నాటి ‘ది లాన్సెట్’ సంచికలో 1061వ పేజీ దగ్గర మొదలై 1063లో ముగిసే చిన్న పరిశోధన వ్యాసం ఒకటి ఉంది. రాసినవాళ్లు నలుగురు: కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వి. నాగరాజన్, టి.బి.జి. తిలక్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసినవాళ్లు. అంతకుముందు ఏడాది చివరి నెలల్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా (మన కామారెడ్డి జిల్లా బాన్సువాడ కాదు), దాన్ని ఆనుకుని గుజరాత్‌లో ఉన్న పంచమహల్ జిల్లాల్లో చెలరేగిన ఒక కాలేయ వ్యాధి గురించి రాశారు. బూజు విషం అఫ్లాటాక్సిన్ మనిషిని నేరుగా, కొద్ది వారాల్లో చంపగలదని చూపించిన పరిశోధనల్లో ముందు వరసలో నిలిచేది ఇదే. తర్వాతి పుస్తకాలు దీన్ని తలుచుకుంటూనే ఉన్నాయి. కానీ తలుచుకున్నప్పుడల్లా రెండు అంకెలు చెప్పి ముందుకు పోతాయి: 397 మంది రోగులు, 106 మరణాలు. ఆ అంకెలను రాబట్టిన పని ఎంత నేర్పుగా జరిగిందో చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ పని మీదే గౌరవం. దాన్ని దగ్గరగా చూపించాలనే ఈ ప్రయత్నం.

ముందు చిక్కు ఎక్కడుందో చూడాలి. రెండు వందలకు పైగా పల్లెల్లో జనానికి కామెర్లు వచ్చాయి. కామెర్లతో ఆగలేదు. పొట్టలో నీరు చేరేది, అదీ చాలా వేగంగా. కాలేయంలోకి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగేది. రోగుల్లో ఆడవాళ్ల కంటే మగవాళ్లు రెట్టింపు. జబ్బు పడ్డ ప్రతి నలుగురిలో ఒకరికి మించి చనిపోయారు. మన దేశంలో కామెర్లు ఊరుమ్మడిగా వస్తే వైద్యుల చూపు మొదట తాగేనీటి మీద పడుతుంది. అందులో తప్పేమీ లేదు. 1955-56లో యమునా నీరు కలుషితమై ఢిల్లీలో ఇరవై తొమ్మిది వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి, అది నీటి ద్వారా పాకిన వైరస్ వల్లే. ఆ అనుభవం ఉన్న దేశంలో, వైద్య సదుపాయం అంతంతమాత్రంగా ఉన్న ఆదివాసీ పల్లెల్లో కామెర్లు అనగానే ‘వైరల్ హెపటైటిస్’ అని రాసేసి ఫైలు మూసేయడం చాలా సులువు. ఈ బృందం పనితనం అలా మూసేయకపోవడం దగ్గరే మొదలవుతుంది.

వాళ్లను ఆపినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది కుక్కల సంగతి. మనుషుల్లో జబ్బు ఉన్న రోజుల్లోనే ఆ పల్లెల్లో కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. మనిషి కాలేయాన్ని పట్టే వైరస్ కుక్కనూ పట్టి, అదే రీతిలో పొట్ట ఉబ్బించి చంపడం అనుభవంలో లేని విషయం. కుక్కకూ యజమానికీ ఉమ్మడిగా ఉండేది ఇంట్లో మిగిలిన రొట్టె ముక్క. వైద్య బృందం ఊళ్లోకి వెళ్లినప్పుడు మంచం మీద ఉన్న మనిషిని చూస్తుంది, నాడి చూస్తుంది, రక్తం తీస్తుంది. గుమ్మం బయట పడి ఉన్న కుక్క గురించి అడిగి, ఆ జవాబును సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవడానికి వేరే రకం చూపు కావాలి. అది పోషకాహార శాస్త్రం ఇచ్చిన చూపు అని నా నమ్మకం. ‘ఏ క్రిమి సోకింది’ అని కాక ‘ఏం తిన్నారు’ అని మొదలుపెట్టడం ఆ సంస్థలో అలవాటు. కృష్ణమాచారి రెండేళ్ల ముందే, 1973లో, కమలా కృష్ణస్వామితో కలిసి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోయే జబ్బు గురించి అదే లాన్సెట్‌లో రాశారు. నీళ్లు, తిండి, ఎముక, వీటిని ఒకే వరసలో పెట్టి చూడటం ఆయనకు కొత్త కాదు.

ఏం తిన్నారన్న ప్రశ్నకు జవాబు త్వరగానే తేలింది: మొక్కజొన్న. ఆ ప్రాంతపు ప్రధాన ఆహారం అదే. జబ్బు మొక్కజొన్న తిన్న ఇళ్లకే పరిమితమైంది. మరి ఏటా తినే మొక్కజొన్న ఆ ఏడే ఎందుకు చంపింది? వ్యాసం ఇక్కడ పొలంలోకి వెళ్తుంది. అసలే కరువు సీమ. పైరు నీటి ఎద్దడితో నీరసించి ఉంది. సరిగ్గా కోతల ముందు కాలం కాని కాలంలో వానలు పడి, చేలో నిలబడ్డ కంకులు తడిసిపోయాయి. తడి గింజను సరిగా ఆరబెట్టకుండానే నిల్వ చేశారు, ఆ నిల్వ వసతి కూడా అరకొరే. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు ఇంతకంటే అనుకూలం ఏముంటుంది? అది మట్టిలో ఎప్పుడూ ఉండేదే. ఎండకూ ఎద్దడికీ పైరు బలహీనపడ్డప్పుడు లోపలికి చొరబడుతుంది, తేమ దొరికితే విషం తయారుచేస్తుంది. రాయలసీమ వేరుశనగ రైతుకు ఈ వరస పరాయిది కాదు. కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట తగిలితే నేలలో ఉండగానే పప్పులోకి బూజు దిగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పెనుగులాడుతున్నది దీనితోనే.

బూజు పట్టిన గింజ ప్రమాదకరమన్న ఎరుక లేకపోవడాన్ని కూడా రచయితలు కారణాల్లో చేర్చారు. నిజమే. అయినా ఇంకొక మాట నేను కలుపుతాను. రంగు మారిన గింజను పారేయాలంటే గాదెలో వేరే గింజ ఉండాలి. కరువు ఏడాదిలో ఆ ఇళ్లలో అది లేదు.

ఇక ప్రయోగశాల. తీసుకొచ్చిన మొక్కజొన్నలో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ తేలింది. ఈ అంకె బరువు తెలియాలంటే ఒక పోలిక అవసరం: ఇవాళ మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ తిండిగింజల్లో ఒప్పుకునే గరిష్ఠ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ పల్లెల్లో అతి చెడ్డ గింజలో ఉన్నది దానికి వెయ్యి రెట్లకు పైనే. రోగులు రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల విషం, సుమారు నెల రోజుల పాటు తిని ఉంటారని బృందం లెక్కగట్టింది. నేను ఆ లెక్కను వెనక్కి తిప్పి చూశాను. రోజుకు 350 నుంచి 400 గ్రాముల మొక్కజొన్న తినే మనిషికి ఆ గింజల నుంచి దాదాపు అంతే చేరుతుంది. కష్టం చేసుకునే మనిషి రొట్టెలకు పట్టే పిండి అది. గాదెలో తేలిన అంకె, కంచంలోని కొలత, ఒంట్లోకి చేరిన మోతాదు మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఇలా అతికే లెక్క చూసినప్పుడు నాకు పెద్ద సిద్ధాంతం చదివినంత సంతోషం కలుగుతుంది.

ఆ అంకె రాబట్టడం ఆ రోజుల్లో ఎంత చేతిపనో కూడా చెప్పుకోవాలి. గింజను పొడిచేసి, క్లోరోఫాం లాంటి ద్రావకంలోకి విషాన్ని దించి, సిలికా జెల్ పలచగా పూసిన గాజు పలక అంచున ఆ సారాన్ని చుక్కగా పెడతారు. పలకను ద్రావకంలో నిలబెడితే అది పైకి పాకుతూ సారంలోని పదార్థాలను వేరువేరు ఎత్తులకు మోసుకుపోతుంది. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత కాంతి కింద చూడాలి. అఫ్లాటాక్సిన్ రకాల్లో నీలంగా వెలిగేవి బి1, బి2. ఆకుపచ్చగా వెలిగేవి జి1, జి2. వెలుగు ఎంత గాఢంగా ఉందో తెలిసిన మోతాదు చుక్కలతో పోల్చి అంచనా వేయాలి. కన్ను తప్పితే అంకె తప్పుతుంది. అంతకన్నా కష్టం నమూనా తీయడం. బూజు బస్తా అంతా సమానంగా పట్టదు. వేరుశనగలో ఒక్క పప్పుగింజలోనే కిలోకు పది లక్షల మైక్రోగ్రాములకు మించిన గాఢత కనిపించిన సందర్భాలున్నాయి, దాని పక్క గింజలో అసలేమీ ఉండకపోవచ్చు. చేరెడు గింజలు తీసుకుని పరీక్షిస్తే విషపు సరుకు మంచిదని తేలవచ్చు, మంచి సరుకు విషమని తేలవచ్చు. యంత్రాలు ఎంత మెరుగైనా ఈ ఇబ్బంది ఈనాటికీ తగ్గలేదు, అందుకే వేరుశనగ ఎగుమతి తనిఖీల్లో నమూనాలు కిలోల లెక్కన తీస్తారు.

ఈ విషానికి పేరు, ఆనవాలు దొరికింది ఇంగ్లండ్‌లో. 1960లో అక్కడ లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. బాతుపిల్లలు, ఫెజెంట్ పక్షులు కూడా. ఏ క్రిమీ దొరకక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరుపెట్టారు. చివరికి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర ఆచూకీ తేలింది. అక్కడి శాస్త్రవేత్తలు పరీక్షకు ఎంచుకున్న ప్రాణి ఒకరోజు వయసు బాతుపిల్ల. ఆ పిల్ల విషానికి ఎంత సున్నితమంటే, యాభై గ్రాముల పిల్లల్లో సగాన్ని చంపడానికి సుమారు 18 మైక్రోగ్రాముల బి1 చాలు. చిన్న మోతాదుకు కూడా దాని కాలేయంలో పిత్తనాళాలు గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయి. అదే ఆనవాలైంది. చెడ్డ చెక్క తిన్న ఆవు పాలను బాతుపిల్లలకు పట్టినా అదే మార్పు కనిపించింది. దాణాలోని విషం ఆవు ఒంట్లో రూపం మార్చుకుని పాలలోకి దిగుతుందని, ఇప్పుడు మనం ఎం1 అంటున్న పదార్థం అదేనని తెలిసింది అలాగే. మన దగ్గర పాలలో దానికి పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము. పాడి రైతు గోలెంలో వేసే చెక్క బాగుంటేనే పాలు ఆ పరిమితి దాటవు.

ఈ కబురు హైదరాబాద్‌కు చేరడం ఆలస్యం కాలేదు. నాకు అబ్బురం అనిపించేది ఇక్కడే. 1960ల్లో వేరుశనగ పిండిని పోషకాహార లోపం ఉన్న పిల్లలకు చవకైన మాంసకృత్తుల వనరుగా వాడాలని దేశంలో గట్టిగా ఆలోచిస్తున్నారు. టర్కీ కోళ్లను చంపిన పదార్థం అదే పంటలో ఉంటే పిల్లల సంగతేమిటి? ఆ సంస్థలోని తుల్పులే, మాధవన్, గోపాలన్ చిన్న కోతులకు అఫ్లాటాక్సిన్ పెట్టి, 1964లో లాన్సెట్‌లోనూ 1965లో మరో పత్రికలోనూ ఫలితాలు ప్రకటించారు. కోతుల కాలేయంలో నారకణజాలం పేరుకుపోయింది. పదేళ్ల తర్వాత బాన్స్‌వాడా, పంచమహల్ రోగుల కాలేయ కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు కనిపించినవి: విపరీతంగా పెరిగిన పిత్తనాళాలు, వాటి చుట్టూ పేరుకున్న నారకణజాలం, అక్కడక్కడా అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు. బాతుపిల్లలో చూసిన మార్పు, కోతిలో చూసిన మార్పు, రెండూ మనిషిలో. చూసినవాళ్లు గుర్తుపట్టారంటే, ఏం చూడాలో ఆ సంస్థ పదేళ్లుగా నేర్చుకుంటూ వచ్చింది కాబట్టే.

ఈ వ్యాసానికి పరిమితులు లేవని కాదు. నీటి ద్వారా పాకే హెపటైటిస్ ఇ వైరస్‌ను అప్పటికి ఎవరూ గుర్తించలేదు, కాబట్టి రక్తపరీక్షతో దాన్ని కొట్టిపారేసే మార్గం వాళ్లకు లేదు. ఒక్కొక్క రోగి ఎంత విషం మింగాడో అతని రక్తంలోంచే చెప్పగల పద్ధతి కూడా లేదు. ఆ లోటు కెన్యాలో తీరింది. 1981లో మచాకోస్ ప్రాంతంలో ఇదే జబ్బు వచ్చి ఇరవై మందిలో పన్నెండు మంది చనిపోయారు. అక్కడా మొక్కజొన్నే, అక్కడా ఊరి కుక్కలు చచ్చాయి. 2004లో మళ్లీ మకువేని, కిటుయి జిల్లాల్లో 317 మంది జబ్బు పడి 125 మంది పోయారు. ఈసారి పరిశోధకులు 40 మంది రోగులనూ 80 మంది ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి, రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకున్న అఫ్లాటాక్సిన్‌ను కొలిచారు. రోగుల్లో అది ఎక్కువ. తడి మొక్కజొన్నను ఇంట్లోనే నిల్వ చేసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. హైదరాబాద్ బృందం గింజ నుంచీ కుక్క నుంచీ కాలేయం నుంచీ అల్లిన వాదనను ముప్పై ఏళ్ల తర్వాత రక్తపు చుక్క బలపరిచింది.

అయితే అంత దాకా ఆగకుండానే వాళ్లు చేయగలిగిన ఒక పరీక్ష ఉంది. దాన్ని చేశారు. లాన్సెట్‌లో వ్యాసం వచ్చాక చేతులు దులుపుకోకుండా, 1975లో కొత్త పంట ఇంటికొచ్చాక అవే ప్రాంతాల నుంచి మళ్లీ మొక్కజొన్న తెప్పించి పరీక్షించారు. మనుషులు మారలేదు, ఊళ్లు మారలేదు, ఆహారం మారలేదు. మారింది గింజలోని విషం ఒక్కటే. ఈసారి అది కిలోకు 0.1 మిల్లీగ్రాము లోపే, అంటే కిందటేటి అతి తక్కువ అంకెలో అరవయ్యో వంతు కన్నా తక్కువ. ఆ ఏడు కామెర్లు రాలేదు. భట్, కృష్ణమాచారి ఈ ఫలితాన్ని 1977లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు.