వెదుకులాటలో ‘నాట్’ దాచేవి

పబ్‌మెడ్‌లో వ్యాసాలు వెదికేటప్పుడు మనం వాడే అండ్, ఆర్, నాట్ అనే మూడు మాటలకు మూలం, ఆలోచనా నియమాలపై జార్జ్ బూల్ 1854లో ప్రచురించిన గ్రంథంలోని బీజగణితం. వీటిని ఒకే కోవకు చెందిన పనిముట్లుగా పరిచయం చేయడం పరిపాటి. నా అభ్యంతరం అక్కడే. ‘అండ్’ వదిలేసేది మనం కోరిన మాటల్లో ఏదో ఒకటి లేని వ్యాసాన్ని. ‘నాట్’ మాత్రం మనం కోరినవన్నీ ఉన్న వ్యాసాన్ని కూడా, కోరని మాట ఒకటి అదనంగా ఉన్నందుకు పారవేస్తుంది.

కొన్నేళ్ళ క్రితం వృద్ధులలో ఉబ్బసం గురించి వెదుకుతూ, పిల్లల మీది వ్యాసాల వెల్లువకు విసిగి ‘నాట్ చిల్డ్రన్’ అని చేర్చాను. జాబితా ముచ్చటగా కుదించుకుపోయింది. పిల్లలనూ వృద్ధులనూ కలిపి పరిశీలించిన వ్యాసాలు కూడా దాంతో పోయాయని, సహవైద్యులొకరు అటువంటిదొకటి చూపించేవరకు గ్రహించలేదు. అప్పటికే ఒక రోగితో “దీనికి పెద్దగా ఆధారాలు లేవు” అని చెప్పి ఉన్నాను. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు ఆ మాట వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

ఈ చిక్కును కాక్రేన్ వారి వెదుకులాట సూత్రం చక్కగా దాటుతుంది. వారు నేరుగా ‘నాట్ యానిమల్స్’ అనరు. అలా అంటే మనుషులకూ జంతువులకూ సంబంధించిన వ్యాసాలు కూడా పోతాయి. ముందు కుండలీకరణాలలో ‘యానిమల్స్ నాట్ హ్యూమన్స్’ అని, జంతువులకు మాత్రమే చెందినవాటిని వేరుచేసి, ఆ కుప్పను మాత్రమే తొలగిస్తారు. ఒక ‘నాట్’ చేయబోయే హానిని మరొక ‘నాట్’ ఆపుతుంది.

తెలుగులో వెదికేటప్పుడు అసలు అవసరం ‘ఆర్’తో. పబ్‌మెడ్‌లో ‘హార్ట్ అటాక్’ అని అడిగితే, దాని వెనకనున్న వైద్య పదసూచి ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ను కూడా కలుపుకొస్తుంది. మధుమేహం, చక్కెర వ్యాధి, షుగరు, డయాబెటిస్ ఒకటేనని తెలుగులో మనమే చెప్పుకోవడం మేలు. పైగా విభక్తి చేరగానే ‘మధుమేహం’ కాస్తా ‘మధుమేహానికి’ అవుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఒక్క రూపమే పెడితే మిగతావి చేజారవచ్చు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు పంపడానికి నమ్మదగిన తెలుగు వ్యాసం కోసం వెదికేవారు, ఒక్క మాటతో అడిగి, ఏమీ లేదని తీర్మానించుకోకూడదు.

‘నాట్’ను బహిష్కరించమని కాదు నా వాదన. వాడిన ప్రతిసారీ, దాని స్థానంలో ‘అండ్’ పెట్టి మరొకసారి వెదకండి. మీరు పారవేసిన వ్యాసాలన్నీ తెరమీదికి వస్తాయి. వాటిలో మొదటి పది శీర్షికలైనా చదివి, ఆ తరువాతే రోగికి జవాబు చెప్పండి.