రంగు వేసిన జనరేటరు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. ఈ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వాసన తగ్గి డీజిలు, పెయింటు వాసన పెరుగుతుంది. మెయిన్ ఇంజిను విప్పుతారు, ప్రొపెల్లరు షాఫ్టు లాగి చూస్తారు, వలలు బాగుచేసుకుంటారు. డబ్బూ ఓపికా అయిపోయాక జనరేటరు వంతు వస్తుంది. ఆయిలు మార్చి, పైన ఇంత రంగు కొట్టి వదిలేస్తారు. బోటు మీద అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది దానికే.

నేను పని నేర్చుకున్నది 1980లలో, విశాఖ నుంచి పెద్ద రొయ్యల ట్రాలర్లు తిరిగిన కాలంలో. అవి బెంగాల్ వైపు శాండ్‌హెడ్స్ దాకా పోయి, పట్టిన రొయ్యను అక్కడే గడ్డకట్టించేవి. జనరేటరు ఆగితే ఫ్రీజరు ఆగుతుంది, ఫ్రీజరు ఆగితే వేటంతా పోతుంది. అందుకే డ్యూటీ అప్పగించేటప్పుడు ముందు జనరేటరు సంగతే చెప్పుకునేవాళ్లం. ఇప్పటి బోట్లలో ఎక్కువ ఐసు మోసుకుపోయేవే. జనరేటరు ఉన్నా నాలుగు దీపాలకీ, బ్యాటరీ చార్జింగుకీ, ఓ పంపుకీ సరి. పని తగ్గింది కదా, ఎక్కువ కాలం వస్తుందనుకుంటారు. దాని రోగం అక్కడే మొదలవుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు ఆ కరెంటు ఇవ్వాలంటే నిమిషానికి 1500 చుట్లు తిరగాల్సిందే. ఒక్క బల్బు వెలిగినా, పది మోటార్లు నడిచినా అదే వేగం. రేపెప్పుడో ఏసీ పెట్టుకోవచ్చని 15 కేవీఏ సెట్టు కొని, రెండు కిలోవాట్లు వాడుకుంటూ నెలల తరబడి తిప్పారనుకోండి. సిలిండరు సరిగా వేడెక్కదు. పడిన డీజిలంతా మండదు. పైనుంచి గ్యాసు ఒత్తిడి చాలక రింగులు లైనరును గట్టిగా పట్టుకోవు. ఆయిలు నిలవాల్సిన సన్నని గీతలు పూడిపోయి లైనరు అద్దంలా నునుపుదేరుతుంది. ఆయిలు పైకి ఎక్కుతుంది, సైలెన్సరు మొదట్లో నల్లటి జిగురు కారుతుంది.

అది చూసి ఓనరు వచ్చేస్తాడు. "మేస్త్రీ, ఆయిలు తాగేస్తోంది, బోరు అయిపోయింది. ఓవర్‌హాలింగ్ చేసేయ్."

విప్పడానికి రెండు స్పానర్లున్న కుర్రాడు చాలు. విప్పక్కర్లేదని చెప్పడానికే మేస్త్రీ కావాలి. నేను ముందు లోడు ఎంత వేస్తున్నారో అడుగుతాను. జబ్బు ముదరకపోతే ముప్పాతిక లోడు మీద కొన్ని గంటలు గట్టిగా నడిపిస్తే చాలాసార్లు జిగురంతా కాలిపోయి దారికొస్తుంది. ముదిరితే మాత్రం లైనరుకు హోనింగ్ చేసి రింగులు మార్చక తప్పదు. పాపికొండల లాంచీల్లోనూ లోడు లెక్క ఇదే. నదిలో ఉప్పు బాధ లేదుగానీ, గోదావరి ఎర్రనీళ్లలోని ఇసుక నీటిపంపును అరగదీస్తుంది.

నిప్పురవ్వ అవసరం లేకుండా, గాలిని బిగించిన వేడికే నూనె మండేలా రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇంజిను నడిపి చూపించాడు. అంటే ఆ బిగింపే దీని ప్రాణం. రింగులో, వాల్వులో, హెడ్ గాస్కెట్టులో ఎక్కడ జారినా స్టార్టింగు కష్టమవుతుంది. ఎక్కడ జారుతోందో మాత్రం విప్పకముందే కనిపెట్టాలి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోందని. నల్ల పొగకి లోడు ఎక్కువైనా అయ్యుండాలి, నాజిల్ అయినా చెడి ఉండాలి, గాలి ఫిల్టరైనా మూసుకుపోయి ఉండాలి. తెల్ల పొగైతే మండని డీజిలో, లోపలికి చేరిన నీరో. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలచాయగా ఉంటే నీరు కలిసినట్టే, ఇంక ఆలోచన అనవసరం.

దీపాలు ఊపిరి పీల్చి వదిలినట్టు హెచ్చుతగ్గులవుతుంటే డీజిలు పంపే పోయిందనుకుంటారు. పంపు దించి షాపుకు పట్టుకెళ్లేముందు ట్యాంకు నుంచి వచ్చే గొట్టం కీళ్లు చూడండి. పంపు పీల్చుకునే వైపు కన్నం పడితే డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కంటికి ఆనదు. రాగి వాషరు మార్చి, గాలి తీసేస్తే పోయే జబ్బుకు వేలు వదిలించుకున్నవాళ్లను చూశాను.

సముద్రపు నీటి దెబ్బ వేరు. పంపులోని రబ్బరు ఇంపెల్లరు రెక్క తెగితే కొత్తది బిగించి ఊరుకోకూడదు. తెగిన ముక్క హీట్ ఎక్స్‌ఛేంజరులో ఇరుక్కుని ఉంటుంది, అన్ని ముక్కలూ దొరికేదాకా వెతకాలి. పొగగొట్టంలోకి నీళ్లు వదిలే సెట్లకు ఇంకో గండం ఉంది. ఇంజిను అందుకోవడం లేదని స్టార్టరు నొక్కుతూనే ఉంటారు. ఇంజిను తిరిగినప్పుడల్లా పంపు నీళ్లు తోస్తుంది, వాటిని బయటికి తన్నే పొగ మాత్రం ఉండదు. ఆ నీరు వెనక్కి సిలిండరులోకి దిగుతుంది. అందుకే రెండుమూడుసార్లకు అందుకోకపోతే ముందు సముద్రపు నీటి కాక్ కట్టేయాలి. ఇంజిను అందుకున్న వెంటనే మళ్లీ తెరవడం మరిచిపోకూడదు. లోపలికి ఉప్పునీళ్లు పోయాయని తెలిస్తే ఆ రోజే పనిలోకి దిగాలి. మర్నాటికి బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది.

నిజంగా విప్పాల్సి వచ్చినప్పుడు తొందర పనికిరాదు. ఏ పుష్ రాడ్డు ఎక్కడిదో, ఏ బేరింగు క్యాపు ఏ ముఖంగా ఉందో గుర్తులు పెట్టుకోవాలి. లైనరును పైనా, మధ్యలో, కిందా, రెండు దిక్కులా కొలవాలి. కొత్త రింగును పిస్టన్‌కు ఎక్కించేముందు లైనరులో పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు చూడాలి. హెడ్డు బోల్టులు మధ్యనుంచి బయటికి, ఒక్కసారే కాకుండా విడతలుగా బిగించాలి. డీజిలు పంపు, నాజిళ్ల జోలికి బల్ల మీద పోకూడదు. ఆ ప్లంజర్ల సందు కొన్ని మైక్రాన్లే, అది టెస్టు బెంచీ ఉన్నవాళ్ల పని. ఆల్టర్నేటరుకు మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడటం చాలామంది మరిచిపోతారు. సముద్రపు తేమ వైండింగులకు పట్టిందంటే బాగుచేసిన ఇంజిను కూడా కరెంటివ్వదు.

ఓనర్లకు నేను చెప్పేదొకటే. రంగు డబ్బా కంటే ముందు ఒక అవర్ మీటరు కొనండి, ఆయిలు మార్చిన గంటలు పుస్తకంలో రాయించండి. జూన్ 14 లోపు, బోటు జెట్టీకి కట్టి ఉన్నప్పుడే హీటర్లు అద్దెకు తెచ్చైనా సరే, జనరేటరును ముప్పాతిక లోడు మీద ఒక పూట నడిపి చూడండి. పొగ కక్కినా, వేడెక్కినా అక్కడే కక్కనివ్వండి. మేస్త్రీ, లేత్ షాపు, విడిభాగాల దుకాణం అన్నీ జెట్టీ పక్కనే ఉన్నాయి.